ఇంటర్న్‌లకు నొప్పి పాఠం: ఫిజియోథెరపీ ఓపీలో నా అనుభవం

ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ నాలుగేళ్ళు చదివి ఇంటర్న్‌షిప్‌కి వచ్చే పిల్లలకు నొప్పి గురించి ఏమీ తెలియదనుకుంటే పొరపాటే. నొప్పి సంకేతాలకు వెన్నుపాములో గేటు లాంటిది ఉంటుందనే గేట్ కంట్రోల్ థియరీ ఎవరిదంటే మెల్జాక్, వాల్, 1965 అని తడుముకోకుండా చెప్తారు. వెన్నుపాము బొమ్మ వేసి సబ్‌స్టాన్షియా జెలటినోసా ఎక్కడుందో గుర్తు పెడతారు. అదే ఇంటర్న్ ముందు ఆరు నెలలుగా నడుము నొప్పితో తిరుగుతున్న మనిషి కూర్చుని, ఎమ్మారై కవరు బల్ల మీద పెట్టి, "గుజ్జు అరిగిపోయిందంట, పూసలు ఒరుసుకుంటున్నాయంట" అనగానే ఆ చదువంతా ఎటు పోతుందో తెలియదు. వెనక్కి తిరిగి "ఐఎఫ్‌టీ పెట్టమంటారా మేడమ్?" అని కరెంట్ చికిత్స గురించి అడుగుతారు.

ఇంటర్న్‌లతో నా పనంతా ఆ బొమ్మకీ ఈ ప్రశ్నకీ మధ్య ఉన్న దూరం తగ్గించడమే. ఇందులో నాకున్న పట్టుదల ఒక్కటే. నొప్పి శాస్త్రం రోగికి ఉపన్యాసంగా వెళ్ళకూడదు. ఇంటర్న్ అడిగే ప్రశ్నలో, చేసే పరీక్షలో, ఇచ్చే వ్యాయామం డోసులో అది కనిపించాలి. నోటితో చెప్పేది ఆఖర్న, అదీ రెండు మూడు వాక్యాలు. ఇది నా సొంత ఇష్టం మాత్రమే కాదు. కొత్తగా నడుము నొప్పి వచ్చినవాళ్ళను గంటేసి చొప్పున రెండుసార్లు కూర్చోబెట్టి, నొప్పి ఎలా పనిచేస్తుందో వివరంగా చెప్పి చూశారు ఆస్ట్రేలియాలో. 202 మందితో చేసిన ఆ ట్రయల్ 2019లో అచ్చయింది. ఆ వివరణ విన్నవాళ్ళకీ, తమ మాటలను ఓపిగ్గా వినడం తప్ప సలహా ఏమీ అందని రెండో గుంపుకీ మూడు నెలల తర్వాత నొప్పిలో తేడా రాలేదు. కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో అందరికీ మెదడు గురించి క్లాసు తీసుకునే ఇంటర్న్‌కి ముందుగా చెప్పేది ఇదే.

మొదట చేయించే ప్రయోగాలు వాళ్ళ ఒంటి మీదే. ఒకటి టెంపోరల్ సమేషన్, అంటే అదే పోటు పదేపదే తగిలితే నొప్పి పెరుగుతూ పోవడం. సూదిమొన పరీక్షకు వాడే డిస్పోజబుల్ న్యూరోటిప్ మనిషికొక కొత్తది తీసుకుని ముంజేతి మీద ఒక్కసారి ఆనించి, 0 నుంచి 10లో నొప్పి ఎంతో అడగాలి. తర్వాత అదే చోట, రూపాయి బిళ్ళంత మేరలోనే, సెకనుకొకటి చొప్పున పదిసార్లు ఆనించాలి. పదోదానికి ఎంత? చాలామందిలో నంబరు పెరుగుతుంది. గుచ్చిన బలం అంతే, నొప్పి మాత్రం అంతే కాదు. ఇది తప్పే తీరు కూడా ఎప్పుడూ ఒకటే. పోనుపోను చెయ్యి బరువెక్కి, ఏడోసారికి మొదటిదానికన్నా గట్టిగా నొక్కేస్తారు. ఫోన్‌లో మెట్రోనోమ్ 60కి పెట్టుకుని, సూది కొన దగ్గర కాకుండా పిడి మధ్యలో వదులుగా పట్టుకుంటే బలం కొంత అదుపులో ఉంటుంది. స్పర్శ పరీక్షకు వాడే నైలాన్ పోగు, మోనోఫిలమెంట్ ఉంటే ఆ బెంగే లేదు, వంగాక అంతకు మించి బలం వెళ్ళదు. "పెరిగింది కదా?" అని అడగకూడదు. "ఇప్పుడెంత?" అనాలి.

రెండోది, ఒక నొప్పి ఇంకో నొప్పిని అణచడం. భుజం మీద ట్రపీజియస్ కండరాన్ని బొటనవేలితో నొక్కి నంబరు అడిగి, రెండో వైపు చెయ్యిని మణికట్టు దాకా ఐసు ముక్కలు తేలే నీళ్ళలో ఒక నిమిషం ఉంచి, మళ్ళీ అంతే బలంతో నొక్కి అడగాలి. "అంతే బలం" అన్నదే ఇక్కడ కష్టం. నొక్కే బలాన్ని కొలిచే ఆల్గోమీటర్ అన్నిచోట్లా ఉండదు. వంటింట్లో వాడే డిజిటల్ తూకం మీద బొటనవేలు నొక్కి 4 కిలోలంటే ఎంతో చేతికి అలవాటు చేయిస్తాను. నొక్కేవాళ్ళ గోరు తెల్లబడడం మొదలయ్యేది ఇంచుమించు అక్కడే. గిన్నె చిన్నదైతే చేతి చుట్టూ నీళ్ళు వెచ్చబడిపోతాయి, మధ్యమధ్యలో కలుపుతుండాలి. బీపీ, గుండె జబ్బు, చలికి వేళ్ళు తెల్లబడే రేనాడ్స్ ఉన్నవాళ్ళతో ఐసు ప్రయోగం చేయించకూడదు. బ్యాచ్‌లో కొందరికి రెండో నంబరు తగ్గదు, ఒకరిద్దరికి పెరుగుతుంది కూడా. అలాంటి వాళ్ళ ఫలితం తప్పని కొట్టేయకుండా బోర్డు మీద రాయిస్తాను. ఆరోగ్యంగా ఉన్న ఇరవై రెండేళ్ళ వాళ్ళలోనే ఇంత తేడా ఉందని కళ్ళతో చూశాక, రోగి చెప్పే నంబరును శంకించడం తగ్గుతుంది.

నరాలు అతిసున్నితంగా మారడం, అంటే సెన్సిటైజేషన్ గురించి చెప్పడానికి నాకు పచ్చిమిరపకాయలకు మించినది దొరకలేదు. కారం మిరపకాయలు కోసిన చేతిని గోరువెచ్చని నీళ్ళలో పెడితే భగ్గుమంటుంది. నీళ్ళు వేడిగా లేవు, చర్మం కాలలేదు, మంట మాత్రం నిజం. మిరపలోని క్యాప్సాయిసిన్ పట్టుకునేది టీఆర్‌పీవీ1 అనే రిసెప్టర్‌ని. మామూలుగా అది 43 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ మేల్కొనదు, క్యాప్సాయిసిన్ తగిలితే ఆ హద్దు ఒంటి వేడి దాకా దిగిపోతుంది. 1997లో ఈ రిసెప్టర్‌ను కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్‌లో వాటా దక్కింది. ఇంటర్న్‌కి ఇది పెరిఫెరల్ సెన్సిటైజేషన్. రోగికి పేరు అక్కర్లేదు. మిరపకాయల సంగతి ప్రతి ఇంట్లో ఎరుకే, "ఉన్నట్టుండి మామూలు నీళ్ళు కూడా మంటెక్కినట్టు, మీ నడుము దగ్గర మామూలుగా వంగడం కూడా ఇప్పుడు నొప్పెక్కుతోంది" అంటే సరిపోతుంది. ఆ మంట ఎప్పటికీ ఉండిపోదని కూడా వాళ్ళకు తెలుసు, అది మనం చెప్పనక్కర్లేదు. అయితే ఒక హద్దు గుర్తు చేస్తాను: మిరప ఉదాహరణ చర్మం దగ్గర జరిగేదాని గురించి. నొప్పి చుట్టుపక్కలకి పాకడం, ముట్టుకుంటేనే నొప్పెట్టడం వెన్నుపాము స్థాయి వ్యవహారం. ఒక్క పోలికతో రెండూ చెప్పేస్తే వైవాలో దొరికిపోతారు.

అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం ఐఏఎస్‌పీ 2020లో నొప్పి నిర్వచనాన్ని మార్చి, కింద ఆరు గమనికలు చేర్చింది. నిర్వచనం కంటే ఆ గమనికలే మాకు పనికొస్తాయి. నొప్పి, నోసిసెప్షన్ (దెబ్బ సంకేతాన్ని నరాలు పట్టుకోవడం) వేర్వేరు అన్నది ఒకటి. మనిషి నొప్పి అని చెప్పినదాన్ని గౌరవించాలి అన్నది ఇంకొకటి. రెండోది చదవడానికి చిన్న మాటే గానీ, "ఈవిడ ఊరికే అంటోంది మేడమ్" అనే వ్యాఖ్య స్టాఫ్ రూమ్‌లో వినబడినప్పుడల్లా దానితోనే పని పడుతుంది.

హిస్టరీ దగ్గర మా ఇంటర్న్‌లు పడే ఇబ్బంది భాషది. రోగి తెలుగులో చెప్తారు, వీళ్ళు ఇంగ్లీషులో రాస్తారు, మధ్యలో సగం జారిపోతుంది. సలుపు, పోటు, గుంజుడు, తిమ్మిరి, మంట, కలుక్కుమనడం, అన్నీ కేస్ షీటులో ఒకే "డల్ ఏకింగ్" అయి తేలతాయి. రోగి అన్న మాట అన్నట్టే తెలుగులో రాయమంటాను. కాల్లోకి జివ్వుమని కరెంట్ కొట్టినట్టుందనీ, చీమలు పాకినట్టుందనీ, మంటగా ఉండి ముట్టుకుంటే మొద్దుగా ఉందనీ అంటే డీఎన్4 అనే ప్రశ్నపత్రం తీయాలి. అందులో పది అంశాలు, నాలుగు వస్తే న్యూరోపతిక్ నొప్పిని, అంటే నరం దెబ్బతినడం వల్ల వచ్చే నొప్పిని, గట్టిగా అనుమానించాలి. దాంట్లో చివరి మూడూ పరీక్ష చేసి నింపాల్సినవి. స్పర్శ, సూది మొన, బ్రష్‌తో రాయడం. అవి వదిలేసి ప్రశ్నల స్కోరే రాసేసే వాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. ప్రశ్నపత్రాలను అప్పటికప్పుడు నోటితో అనువాదం చేయడం ఇంకో అలవాటు. మొదటివారం "భయంగా ఉందా" అని, ఆరోవారం "జంకు ఉందా" అని అడిగితే వచ్చిన తేడా రోగిదో, మన మాటదో తెలియదు. తెలుగు పాఠం ఒకటి రాసి పెట్టుకుని అదే చదవాలి.

ఇరిటబిలిటీకి, అంటే నొప్పి ఎంత తేలిగ్గా రేగుతుందో తెలియడానికి, మూడు ప్రశ్నలు చాలు. ఎంతసేపు ఏ పని చేస్తే మొదలవుతుంది, ఎంత దాకా పెరుగుతుంది, తగ్గడానికి ఎంతసేపు పడుతుంది. ఐదు నిమిషాలు గిన్నెలు తోమితే మూడు గంటలు పడుకోవాల్సి వచ్చే మనిషి మీద పుస్తకంలో ఉన్న స్పెషల్ టెస్టులన్నీ ఆ రోజే చేస్తే, నాలుగో టెస్టుకి ప్రతిదీ పాజిటివ్ వస్తుంది. అలాంటి చోట న్యూరో పరీక్ష, ఒకటి రెండు కదలికలు చూసి ఆపేయాలి. పడుకోబెట్టి కాలు చాచి పైకెత్తే ఎస్ఎల్ఆర్ పరీక్షలో తొడ వెనక బిగువును పాజిటివ్ అని రాయడం కూడా ఇక్కడి పొరపాటే. నొప్పి మొదలైన చోట కాలిని రెండు మూడు డిగ్రీలు దించి, పాదం పైకి వంచినా, తల ఎత్తినా మళ్ళీ ఆ నొప్పే వస్తేనే నరం వైపు ఆలోచించాలి.

రెడ్ ఫ్లాగ్స్, అంటే ప్రమాద సూచనల దగ్గర మాత్రం నేను గట్టిగానే ఉంటాను. "బవెల్ బ్లాడర్ నార్మల్" అని షీటులో ఉంటే, ఏ మాటలతో అడిగావో చెప్పమంటాను. "మోషన్, యూరిన్ బానే ఉన్నాయా అమ్మా?" అంటే మొగుడి ముందు, కొడుకు ముందు కూర్చున్న ఏ ఆడమనిషైనా బానే ఉన్నాయనే అంటుంది. పక్కవాళ్ళను కాసేపు బయటకి పంపి విడివిడిగా అడగాలి: మూత్రం వస్తున్నట్టు తెలుస్తోందా? పోయడం మొదలవడానికి ముక్కాల్సి వస్తోందా? పోశాక ఇంకా మిగిలినట్టుందా? తెలియకుండా బట్టల్లో పడుతోందా? కడుక్కునేటప్పుడు చెయ్యి తగిలింది తెలుస్తోందా? నొప్పి రెండు కాళ్ళలోకీ పాకిందా? వీటిలో కొత్తగా ఏ తేడా మొదలైనా కాడా ఈక్వైనా (వెన్నుపాము కింది నరాల కట్ట నొక్కుకుపోవడం) అనుమానించి, ఆ రోజే, ఆ గంటలోనే క్యాజువాలిటీకి పంపాలి. అపాయింట్‌మెంట్ రాసి ఇవ్వడం కాదు, ఇంటర్న్ వెంట వెళ్ళాలి. మన దగ్గర వెన్నుపూస టీబీని కూడా మర్చిపోకూడదు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, తెలియకుండా బరువు తగ్గడం, వేలితో పూస మీద తడితే ఒకే చోట నొప్పి, ఇంట్లో ఎవరికైనా టీబీ మందులు వాడడం, వీటిని అడగకుండా "మెకానికల్ లో బ్యాక్ పెయిన్" అని రాస్తే ఆ షీటు వెనక్కి వస్తుంది. ఏం మందో తెలియని మాత్రలు, సూదులు ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో స్టెరాయిడ్ వల్ల బోలుబడిన ఎముక విరిగి ఉండొచ్చు. నలభై ఐదు లోపు వయసులో, మూడు నెలలకు పైగా ఉండి, పొద్దున అరగంటకు మించి బిగుసుకుపోయి, తిరిగితే తగ్గి పడుకుంటే పెరిగేదైతే రుమటాలజీకి రాయాలి.

ఇవన్నీ దాటాకే, నొప్పి ఏ మెకానిజంతో వస్తోందన్న మాట. నోసిసెప్టివ్ (కణజాలం దెబ్బతో వచ్చేది), న్యూరోపతిక్‌ల పక్కన ఐఏఎస్‌పీ 2017లో మూడో పేరు చేర్చింది, నోసిప్లాస్టిక్. కణజాలం, నరం దెబ్బతిన్న స్పష్టమైన ఆధారం లేకుండా నొప్పిని పట్టే వ్యవస్థే మారి వచ్చే నొప్పి అది. ఆ పేరు వచ్చినప్పటి నుంచీ స్కాన్‌లో ఏమీ కనబడని ప్రతి రోగికీ అది తగిలించేస్తున్నారు. ఇంటర్న్‌తో కేసు మాట్లాడేటప్పుడు నేను వాడేది 1992లో వచ్చిన ఒన్ మినిట్ ప్రిసెప్టర్ పద్ధతి. ముందు ఇంటర్న్ చేత ఒక నిర్ణయం చెప్పించాలి, దేన్ని చూసి అన్నావని అడగాలి, అన్నిచోట్లా పనికొచ్చే సూత్రం ఒక్కటి చెప్పాలి, చేసిన మంచి ఏమిటో పేరుపెట్టి చెప్పాలి, తప్పు దిద్దాలి. రోగి పక్క గదిలో ఉండగా నడిచే ఆ మాటలు ఇలా ఉంటాయి.

"ఏమనుకుంటున్నావు?"

"నోసిప్లాస్టిక్ మేడమ్."

"దేన్ని చూసి?"

"ఎమ్మారైలో పెద్దగా ఏం లేదు మేడమ్. తొమ్మిది నెలలైంది. చాలా టెన్షన్ పడుతున్నారు కూడా."

"కాలి బొటనవేలు ఎత్తే బలం రెండువైపులా పోల్చావా?"

"చూడలేదు మేడమ్."

"చూసి రా. స్కాన్‌లో లేకపోవడం ఒక్కటే ఏ మెకానిజానికీ సాక్ష్యం కాదు. టెన్షన్ మూడిట్లోనూ ఉంటుంది. నిద్ర గురించి అడిగావు చూడు, అది బాగుంది, ఎన్నిసార్లు లేస్తున్నారో కూడా రాశావు."

నోసిప్లాస్టిక్ అనాలంటే మూడు నెలలు దాటాలి, నొప్పి ఒక చుక్క దగ్గర కాకుండా ఒక ప్రాంతమంతా పరుచుకుని ఉండాలి, మిగతా రెండు మెకానిజాలు దాన్నంతా వివరించలేకపోవాలి, పరీక్షలో అతిసున్నితత్వం కనిపించాలి. స్పర్శ, వేడి, చలి తట్టుకోలేకపోతున్నట్టు రోగే చెప్పడం, వెలుతురు, చప్పుడు పడకపోవడం, నిద్ర సరిగా లేకపోవడం, అలసట తోడైతే నమ్మకం పెరుగుతుంది. ఒన్ మినిట్ ప్రిసెప్టర్ పద్ధతిలో ఎక్కువగా దెబ్బతినేది నాలుగో మెట్టు. చేసిన మంచిని పేరుపెట్టి చెప్పడం మన కాలేజీల్లో అలవాటు లేదు. ఊరికే "గుడ్" అంటే ఇంటర్న్‌కి ఏది గుడ్డో తెలియదు, రేపు అది మానేస్తారు. తప్పును రోగి ముందు దిద్దడం ఇంకో జబ్బు. అలా ఒక్కసారి చేస్తే ఆ రోగి మళ్ళీ ఆ ఇంటర్న్ మాట వినరు.

ఎమ్మారై రిపోర్టుకి అంకెలు బట్టీ పట్టిస్తాను. నొప్పే లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూసిన 2015 సమీక్షలో డిస్కు అరుగుదల ఇరవై ఏళ్ళ వయసులో 37 శాతం, యాభైకి 80 శాతం, ఎనభైకి 96 శాతం మందిలో కనిపించింది. డిస్కు ఉబ్బు అదే వరుసలో 30, 60, 84 శాతం. ఈ అంకెలు విన్న ఇంటర్న్ నేరుగా వెళ్ళి "ఇది అందరికీ ఉండేదేనమ్మా, ఏం లేదు" అనేస్తారు. వేలకు వేలు పోసి తీయించుకున్న స్కాన్‌ని, దాంతోపాటు నొప్పినీ కొట్టిపారేసినట్టు వినబడుతుంది రోగికి. పైగా అది పూర్తిగా నిజమూ కాదు. అదే ఏడు వచ్చిన ఇంకో సమీక్షలో, యాభై లోపు వాళ్ళలో డిస్కు ఎక్స్‌ట్రూజన్ (గుజ్జు బయటికి పొడుచుకు రావడం), మోడిక్ 1 (డిస్కు పక్క ఎముకలో మార్పు) లాంటివి నొప్పి ఉన్నవాళ్ళలోనే ఎక్కువని తేలింది. అందుకని ముందు కాళ్ళ బలం, స్పర్శ, రిఫ్లెక్స్ చూసి, వాటి ఫలితం రిపోర్టు పక్కన పెట్టి చెప్పాలి: "స్కాన్‌లో ఉన్నది మీ వయసులో నొప్పి లేనివాళ్ళలో కూడా సగానికి పైగా కనిపిస్తుంది. మీ కాళ్ళ బలం, స్పర్శ బాగున్నాయి. కాబట్టి కదలికతో మొదలుపెట్టొచ్చు."

వివరణ ఎప్పుడూ ఒక పరీక్ష వెనకాలే రావాలి. నిలబడి ముందుకు వంగితే నొప్పి 7 అన్నారనుకోండి. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి రెండు మోకాళ్ళూ గుండెలకి ఆనించమంటే 2 అన్నారు. అప్పుడు ఇంటర్న్ అడగాల్సింది: "రెండిట్లోనూ నడుము వంగిందమ్మా. తేడా ఎందుకొచ్చింది అనుకుంటున్నారు?" అని. అడిగి ఊరుకోవాలి. రెండు సెకన్లు తిరక్కుండానే జవాబు వీళ్ళే చెప్పేస్తారు, మనసులో పదిదాకా లెక్కపెట్టుకోమంటాను. "అయితే వంగితే విరిగిపోదన్నమాట" అని రోగి నోటి నుంచి వస్తే ఆ రోజుకి పాఠం అయిపోయినట్టే. ఇక్కడ ఇంటర్న్ అతి చేయకూడదు. నిలబడి వంగినప్పుడు పైఒంటి బరువంతా నడుము కండరాలు మోస్తాయి, పడుకున్నప్పుడు ఆ బరువు ఉండదు. ఆ తేడా మొత్తం నాడీ వ్యవస్థ మహిమేనంటే అబద్ధం చెప్పినట్టు.

చెప్పింది ఎంత చేరిందో తెలియడానికి "అర్థమైందా?" అని అడగడం దండగ. "ఇంటికెళ్ళాక డాక్టరు ఏమన్నారని అడిగితే ఏం చెప్తారు?" అనాలి. "అంతా మనసులోనే ఉందన్నారు" అని జవాబొస్తే, మెదడు మాట తొందరపడి తెచ్చారని లెక్క. మా దగ్గర మొదటి విజిట్‌లో మెదడు, సైకలాజికల్, డీజనరేషన్, అరిగిపోయింది, జారింది అనే మాటలు వాడరాదు. "జన్మలో బరువులెత్తొద్దు", "కింద కూర్చోవద్దు" కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. పీట మీద, నేల మీద బతుకు గడిచే ఇంట్లో కింద కూర్చోవద్దంటే పూజ, భోజనం, పిల్లల్ని ఆడించడం అన్నీ మానేయమన్నట్టే. మోకాలికైనా నడుముకైనా అది కొన్ని వారాలకు, ఫలానా ఎత్తు దాకా అని చెప్పాల్సిన సలహా.

డోసు దగ్గరే శాస్త్రం నిలబడేదీ కూలేదీ. పేషెంట్ స్పెసిఫిక్ ఫంక్షనల్ స్కేల్‌లో రోగి తనకు కావాల్సిన మూడు నుంచి ఐదు పనులు చెప్పి ఒక్కోదానికి 0 నుంచి 10 ఇస్తారు. 10 అంటే మునుపటిలా చేయగలగడం. "వాకింగ్, సిట్టింగ్, స్టాండింగ్" అని ఇంటర్న్ తనే నింపేస్తే పనికిరాదు. స్టౌ దగ్గర నిలబడడం, బిందె చంకకెత్తుకోవడం, కలుపు తీయడం, బండి మీద గతుకుల రోడ్డులో వెళ్ళడం, ఇలా ఉండాలి. స్టౌ దగ్గర నిలబడడమే తీసుకుందాం. మూడు రోజులు, నొప్పి వల్ల ఆపాల్సి వచ్చేదాకా నిలబడితే 14, 9, 13 నిమిషాలు వచ్చాయి. సగటు 12. దానిలో 80 శాతం అంటే తొమ్మిదిన్నర. 9 నిమిషాలతో మొదలు. మూడు రోజులకో నిమిషం పెంపు. బాగున్న రోజూ తొమ్మిదే, బాగాలేని రోజూ తొమ్మిదే. మర్నాటి దాకా నొప్పి మామూలుకన్నా ఎక్కువగా నిలిస్తే పెంచకుండా అక్కడే ఉండాలి, లేదా ఒక మెట్టు దిగాలి. సున్నాకి రాకూడదు. ఇంటర్న్‌లు చేసే తప్పు ఏమిటంటే, "నొప్పి వచ్చేదాకా చేసి ఆపండి" అంటారు. అప్పుడు ప్రతిసారీ పని నొప్పితోనే ముగుస్తుంది, భయం అలాగే ఉంటుంది. రోగులు చేసేది మరొకటి. నొప్పి తగ్గిన రోజు ఇల్లంతా దులిపి, తర్వాత మూడు రోజులు మంచం పడతారు. సంక్రాంతి ముందు అరిసెల పనితో ఓపీ నిండేది అందుకే. కాబట్టి నొప్పి తిరగబెడితే ఏం చేయాలో ముందే రాసివ్వాలి: రెండు రోజులు సగం డోసు, మూడో రోజు పాత డోసు, సూది కోసం పరిగెత్తక్కర్లేదు.

పని మానలేని వాళ్ళ సంగతి వేరు. సిరిసిల్ల, నిజామాబాద్ వైపు చేట ఒళ్ళో పెట్టుకుని తల వంచి బీడీలు చుట్టే ఆడవాళ్ళకీ, గుంటూరులో మిర్చి తొడిమలు తీసేవాళ్ళకీ కూలి పని లెక్కన వస్తుంది. "అరగంటకోసారి లేచి నడవండి" అంటే కూలి తగ్గించుకోమన్నట్టే. చేట కింద దిండు వేసి ఎత్తు పెంచడం, కాలు మార్చి కూర్చోవడం, ఒక కట్ట అయ్యాక కూర్చున్నచోటే రెండు మూడుసార్లు వెనక్కి వాలడం, ఇలా పని ఆగకుండా అయ్యేవి వెతకాలి. ఏది వీలవుతుందో రోగినే అడగమంటాను, చాలాసార్లు వాళ్ళ జవాబే మాకన్నా మెరుగ్గా ఉంటుంది.

"కరెంట్ పెట్టరా?" అన్న ప్రశ్న తప్పదు. బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలు రాసే సంస్థ నైస్ 2016లో ఇచ్చినవి నడుము నొప్పికి టెన్స్, అల్ట్రాసౌండ్, ఇంటర్‌ఫెరెన్షియల్ (ఐఎఫ్‌టీ), ట్రాక్షన్, బెల్టు ఏవీ వద్దన్నాయి. ఆ కాగితం చూపించి ఇంటర్న్ రోగితో వాదనకు దిగితే ఆ మనిషి పక్క వీధి క్లినిక్‌కి పోతారు. నా తీర్పు ఇది: కావాలన్నవాళ్ళకు మొదటి రెండు మూడు విజిట్లలో పది నిమిషాలు పెట్టొచ్చు, వ్యాయామం ముందు, "కాసేపు హాయిగా ఉంటుంది, ఆ హాయిలో కదలడం మొదలుపెడదాం" అని చెప్పి. వ్యాయామం లేకుండా పెట్టడం లేదు. షుగరు ఉన్నవాళ్ళకు వేడి పెట్టేముందు వేడి చల్లదనాల పరీక్ష గొట్టాలతో స్పర్శ చూడకపోతే కాలిపోతుంది, అది ఏ మెకానిజం కిందా క్షమించదగిన తప్పు కాదు.

మాటల్లో "బతకాలని లేదు" లాంటిది వినబడితే ఇంటర్న్ దాన్ని దాటి వ్యాయామంలోకి వెళ్ళకూడదు. అలా వినగానే నాకు చెప్పాలి, రోగిని ఒంటరిగా వదలకూడదు, సైకియాట్రీకి అదే రోజు చూపించాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 అందరి ఐడీ కార్డు వెనక రాయించి ఉంటుంది, అది తెలుగులో కూడా మాట్లాడుతుంది.

ఇక పోస్టింగు మారే రోజు. ఆర్థో ఓపీ నుంచి న్యూరోకి ఇంటర్న్ వెళ్ళిపోతారు, రోగి మాత్రం మళ్ళీ ఇక్కడికే వస్తారు. కొత్త ఇంటర్న్ షీటు చూడకుండా "డిస్కు కదా, వంగకండి" అన్నారంటే ఆరు వారాల పని ఒక్క మాటతో పోతుంది. అందుకని ప్రతి దీర్ఘకాల నొప్పి కేసుకీ అరపేజీ హ్యాండోవర్ కార్డు రాయిస్తాను. రోగి ఎంచుకున్న మూడు పనులు, వాటి మొదటి, ఇప్పటి స్కోర్లు. ఈ రోజు డోసు, తర్వాతి పెంపు తేదీ. న్యూరో పరీక్ష చివరగా చేసిన తేదీ, దొరికినది. నొప్పి తిరగబెట్టినప్పటి ప్లాను. తర్వాత రెండు గీతలు ఖాళీగా ఉంటాయి. ఒకదాని మీద తన నొప్పి గురించి రోగి స్వయంగా చెప్పుకున్న వివరణను ఆ మాటల్లోనే రాయాలి. రెండోదాని మీద, ఈ రోగి దగ్గర అనకూడని మాట ఏదో రాయాలి. పాత ఇంటర్న్, కొత్త ఇంటర్న్ ఇద్దరూ రోగి ఎదుట కూర్చుని ఆ కార్డు చదివి, "ఇందులో మార్చాల్సింది ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగాకే సంతకాలు.